పాత డోజర్ పిన్నుకి ఉక్కు గ్రేడుల్లో ఈఎన్‌8 చాలా, ఈఎన్‌24 వాడాలా?

అందరికీ నమస్కారం. నాన్నగారి పాత బుల్డోజర్‌కి బ్లేడ్ పిన్నులు బయట దొరకడం లేదు. గాజువాక ఆటోనగర్‌లో లేత్ మీద తీయించాలనుకుంటున్నాను. పాత పిన్ను 50 ఎంఎం. గ్రీజు రంధ్రం దగ్గర ఒకవైపే అరిగి మెట్టు పడింది. పైన ఆకురాయి పెడితే జారిపోతోంది, కోసిన చోట లోపల మాత్రం పడుతోంది. అంటే పైపొరకే హార్డెనింగ్ (గట్టిపరచడం) చేసినట్టున్నారు.

మేస్త్రీగారు ఈఎన్‌8 చాలంటున్నారు. అందులో కార్బన్ సుమారు 0.4 శాతం ఉంటుంది కాబట్టి ఇండక్షన్ హార్డెనింగ్ (కరెంటు కాయిల్‌తో పైపొరని వేడిచేసి, వెంటనే చల్లార్చి గట్టిపరచడం) అవుతుంది, నిజమే. కానీ బ్లేడ్ బండకి తగిలినప్పుడు పడే దెబ్బకి ఈఎన్‌19 గానీ, నికెల్ ఉన్న ఈఎన్‌24 గానీ నయమనిపిస్తోంది. తుక్కులో దొరికే యాక్సిల్ ముక్క గ్రేడు తెలియదు, అది వద్దనుకున్నాను.

గట్టి పైపొర ఎంత లోతు, గట్టిదనం ఎన్ని హెచ్‌ఆర్‌సీ పెట్టించాలి? పిన్ను తిరిగే బుష్‌కి ఏది వాడాలి? పిన్ను విరిగితే ఆపరేటర్‌కి ప్రమాదం. ఈ పని చేయించినవాళ్లు దయచేసి చెప్పండి.