అప్‌డేట్: బ్రాంక్స్‌లో మా బాబుకు రాత్రిళ్లు వస్తున్న ఆయాసం గురించి

న్యూయార్క్‌లోని దక్షిణ బ్రాంక్స్‌లో, ఎక్కువగా నల్లజాతి, ప్యూర్టోరికన్ కుటుంబాలు నివసించే పాత భవనంలో అద్దెకుంటున్న మా ఆరేళ్ల బాబుకు, ఇన్‌హేలర్ వాడుతున్నా రాత్రిపూట ఆయాసం ఎందుకు తగ్గడం లేదని మూడు నెలల క్రితం అడిగాను. బొద్దింకల సంగతి చూడమన్నవారికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

అలర్జీ పరీక్షలో బొద్దింకే తేలింది. అమెరికా నగరాల పేదవాడల్లోని 476 మంది పిల్లలపై జరిగి 1997లో వెలువడిన అధ్యయనంలో, దాదాపు సగం పడకగదుల ధూళిలో ఈ అలర్జీ కారకం అధికంగా కనిపించిందని డాక్టరుగారు చెప్పినప్పుడు, తప్పంతా తనదేనని ఇన్నాళ్లూ కుమిలిపోయిన మా ఆవిడ కళ్లు తుడుచుకుంది.

సింకు కింద గొట్టం గోడలోకి వెళ్లే చోట వేలు దూరేంత సందు ఉంది. దాని అంచున మిరియాల పొడిలా నల్లటి రెట్టలు. మూడు లేదా అంతకంటే ఎక్కువ ఇళ్లున్న భవనాల్లో పురుగులను, బూజును తొలగించి, వాటికి కారణమైన లోపాలను సరిచేయవలసిన బాధ్యత 2018 నాటి స్థానిక చట్టం 55 ప్రకారం యజమానిదే. అయినా నగర పాలక సంస్థ ఫిర్యాదుల ఫోన్ నంబరైన 311కు ఫిర్యాదు చేశాకే మనుషులు వచ్చి సందులు మూసి, జెల్ మందు పెట్టారు. స్ప్రే మాత్రం వద్దన్నాం. ఇంతకాలం నేను కొట్టిన ఆ మందు ఘాటుకే బాబు ఆయాసం పెరిగేదని తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంది.

గత రెండు వారాల్లో వాడు ఒక్క రాత్రే దగ్గుతో లేచాడు. పై అంతస్తులో ఇదే జబ్బుతో ఉన్న పాప ఇంట్లో ఇంకా సందులు మూయలేదు కనుక, వారితో కూర్చుని ఫిర్యాదు చేయించడానికి ఆదివారం వెళుతున్నాను.