‘కళ్ళు కాయలు కాచాయి’: ఇందులోని కాయ ఏది?

ప్రశ్న (నెల్లూరు, మూలాపేట):

టెలిఫోన్ డైరెక్టరీలో ‘మాంత్రికుడు’ అని పేరు వేయించుకొని షికాగో నగరంలో డిటెక్టివు పని చేసే కథానాయకుడు గల ‘డ్రెస్డెన్ ఫైల్స్’ నవలలను మేము నలుగురు స్నేహితులం కాలేజీ రోజుల నుంచి చదువుతున్నాము. 17వ పుస్తకం 2020 సెప్టెంబరులో వచ్చింది. 18వ దానికి 2026 జనవరి 20 అని తేదీ ప్రకటించగానే, ‘కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూస్తున్నాము’ అని వాట్సాప్‌లో రాశాను. మా అమ్మమ్మ అది చదివి, కాసేలా కాదు కాచేలా అని దిద్దింది. పైగా ‘తేదీ తెలిసినాక ఇంక కాయలేందమ్మా?’ అని నవ్వింది. కంటికి కాయ కాయడమేమిటో, తేదీతో దానికి సంబంధమేమిటో పెద్దలు చెప్పగలరా?

జవాబు (నెల్లూరు, దర్గామిట్ట):

మీ అమ్మమ్మ గారి నవ్వులోనే సగం జవాబు ఉంది. కాసు, కాచు తగువును ముందుగా తీర్చేస్తాను. కాయు అనే క్రియకు పాత రూపాలు కాచె, కాచి. ‘కాసింది’ వాడుకలో స్థిరపడిన రూపం. వెన్నెల కాసిందన్నా, కాచిందన్నా ఎవరూ తప్పు పట్టరు. కాబట్టి మీరు రాసినది తప్పు కాదు, అమ్మమ్మ గారిది పాత రూపం.

అసలు సంగతి కాయ. చాలామంది దీన్ని చెట్టు కాయగానే ఊహించుకుంటారు. నా ఉద్దేశంలో ఇది ఒరపిడికి చర్మం మొద్దుబారి గట్టిపడిన కాయ, సంస్కృతంలో కిణం అనేది. కొత్తపట్నం తీరంలో అలివి వల లాగేవారి అరచేతిని ఒకసారి దగ్గరగా చూడండి. వేళ్ళ మొదళ్ళలో వరుసగా, పసుపు కలిసిన తెలుపు రంగులో, గోటితో గిల్లినా తెలియనంత గట్టిగా బొడిపెలు ఉంటాయి. తాడు ఒక్కసారి ఒరిస్తే పుట్టేది బొబ్బ. ఏళ్ళ తరబడి అదే చోట ఒరిస్తేనే కాయ.

విరాటపర్వ కథలో అర్జునుడికి వచ్చిన చిక్కు కూడా ఇదే. బృహన్నల వేషం వేసినా, వింటినారి ఒరపిడికి చేతుల మీద పడిన గుర్తులు పోవు కనుక, వాటిని గాజులతో కప్పుకుంటానని ధర్మరాజుతో అంటాడు. తిక్కన భారతం మొదలుపెట్టింది ఆ పర్వంతోనే గనుక, నెల్లూరివాళ్ళం కాయల విషయంలో కొంత అధికారంగా మాట్లాడవచ్చునని నా ధీమా.

నా వాదానికి అసలు బలం వాక్యనిర్మాణంలో ఉంది. ‘తవ్వి తవ్వి చేతులు కాయలు కాచాయి’, ‘తిరిగి తిరిగి కాళ్ళు అరిగాయి’, ‘విని విని చెవులు చిల్లులు పడ్డాయి’ అంటాము. క్రియ రెండుసార్లు వస్తుంది, ఆ పని చేసిన అవయవం పాడవుతుంది. ‘చూసి చూసి కళ్ళు కాయలు కాచాయి’ కూడా ఆ వరుసలోదే. ‘వేయి కళ్ళతో’ అనే పలుకుబడికి ఈ రెట్టింపు అక్కరలేదు. ‘చూసి చూసి వేయి కళ్ళతో ఎదురుచూస్తున్నాము’ అని ఎవరైనా అనగా విన్నామా? అక్కడ కళ్ళు అరగవు, ఇంద్రుడికి మల్లే పెరుగుతాయి.

అందుచేత ఎప్పుడొస్తుందో తెలియని దాని కోసం పదే పదే తొంగిచూసి నిరాశపడినవారికి కాయలు, వస్తుందని తెలిసి ఆ రోజు కోసం ఉవ్విళ్ళూరుతున్నవారికి వేయి కళ్ళు. మీ నవలలలోనే రెండు రకాల నిరీక్షణలూ ఉన్నాయి. 15వ పుస్తకం 2014లో వస్తే 16వది 2020 జులై దాకా రాలేదు. ఆ ఆరేళ్ళూ కాయల కాలం. 17వది అదే ఏడు సెప్టెంబరుకే వచ్చేసింది. ఆ రెండున్నర నెలలకు వేయి కళ్ళు చాలు.

పొదలకూరు నుంచి:

వాక్యనిర్మాణం మాట ఒప్పుకుంటాను కానీ, చెట్టును అంత తొందరగా కొట్టేయకండి. తమిళంలో ఎదురుచూసి ఎదురుచూసి కళ్ళు ‘పూచాయి’ అంటారు. తెలుగులోనూ నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ పడితే ‘కంట్లో పువ్వు వేసింది’ అనేవారు. పక్క భాషలో పూచిన కన్ను మన దగ్గర కాయ కాచి ఉండకూడదా?

దర్గామిట్ట:

చక్కని ఆక్షేపణ, తమిళం మాట నాకు తట్టలేదు. అయితే తమిళంలో పూయడమంటే చూపు మసకబారడం, ఆ మసక పువ్వుకు సరిపోతుంది. కాయకు మసకతో పొత్తు కనబడదు. పైగా మన పలుకుబడిలో పూత దశ ఎక్కడా లేదు, సరాసరి కాయలే. రెండు ఊహలూ జనం మనసులో కలిసిపోయి ఉండవచ్చునన్నంత వరకు మీతో వస్తాను, అంతకు మించి రాను.

ఒంగోలు నుంచి:

తిక్కన గారి ఊరివారు ఎర్రనను మరిచిపోవడం కొత్త కాదు. నన్నయ అరణ్యపర్వం నడుమ ‘శారదరాత్రులు’ వర్ణించి ఆగిపోతే, తిక్కన ఆ ఖాళీని అలాగే ఉంచి విరాటపర్వం నుంచి సాగారు. ఆ మిగిలిన భాగాన్ని 14వ శతాబ్దిలో పూరించినవాడు మా ఎర్రన. రాత్రి దగ్గర ఆగిన కథను అదే శరత్కాలపు ఉదయంతో, ‘వాసరముఖంబులు’ వెలగడంతో ఎత్తుకున్నాడు. దానికి మనవాళ్ళు పెట్టుకున్న పేరు అరణ్యపర్వశేషం. వారపత్రికల సీరియళ్ళ కింద వేసే ‘సశేషం’లో ఉన్నదీ ఆ శేషమే. తరువాతి పుస్తకాన్ని ‘సీక్వెల్’ అనే ఈ పిల్లలకు ‘శేషం’ అనే మాట ఇస్తే ఎలా ఉంటుంది?

దర్గామిట్ట:

ఎర్రన విషయంలో తప్పు నాదే. మాట మాత్రం నాకు పూర్తిగా నచ్చలేదు. శేషమంటే ఒకే గ్రంథంలో మిగిలిపోయిన భాగం. ఈ నవలలు దేనికది ఒక కేసుతో ముగుస్తూ, వెనుక పెద్ద కథ నడుస్తూ ఉంటుందని విన్నాను. అటువంటప్పుడు ‘తరువాయి పుస్తకం’ అనడమే మేలు.

మూలాపేట:

అందరికీ ధన్యవాదాలు. వాక్యాన్ని ఇలా మార్చాను: ‘అయిదేళ్ళుగా చూసి చూసి కళ్ళు కాయలు కాచాయి, తేదీ తెలిసింది గనుక ఇకనుంచి వేయి కళ్ళతో ఎదురుచూస్తాము.’ అమ్మమ్మకు చదివి వినిపిస్తే, ‘కాయలు కాచిన కళ్ళు రెండే కదా, తక్కిన తొమ్మిదివందల తొంభై ఎనిమిది యాడ తెచ్చావు?’ అని అడిగింది.