కొత్త డిజైనర్ల సీజన్ కలెక్షన్లలో దేన్ని గమనించాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఫ్యాషన్ వీక్‌లలో పేరున్న సంస్థల ప్రదర్శనల కంటే, ఒకటి రెండు కలెక్షన్లు మాత్రమే చేసిన కొత్తవారి ప్రదర్శనలే నాకు ఎక్కువ ఆసక్తి కలిగిస్తాయి. అయితే సంగీతాన్నీ, దీపాలనూ, మోడల్స్ తల మీది వింత అలంకరణలనూ పక్కన పెట్టి చూస్తే అసలు బట్టల్లో సత్తా ఎంతో తేల్చుకోవడం కష్టమవుతోంది. పనితనాన్ని ఎలా గుర్తుపట్టాలి? ఇంకా నిలదొక్కుకోని వారు కూడా ఏటా రెండుసార్లు, అదీ ఆరు నెలల ముందుగా, కొత్త కలెక్షన్ చూపించవలసిన అవసరం ఏమిటి?

జవాబు 1

ప్యాట్రన్ కటింగ్ (బట్టల నమూనాలు గీసి కత్తిరించడం) నా వృత్తి కనుక మీ మొదటి సందేహానికి మాత్రమే జవాబు చెబుతాను. ముందు భుజాన్నీ, ఆ తరువాత కింది అంచునూ చూడండి. క్రాస్ మీద, అంటే నేత దారాలకు 45 డిగ్రీల కోణంలో కత్తిరించిన గుడ్డ తన బరువుకు తానే సాగుతుంది. అందువల్ల అలాంటి స్కర్టును బొమ్మకు తొడిగి, ఒక రోజైనా వేలాడనిచ్చి, సాగవలసినంత సాగాక అంచు సమం చేసి మడిచి కుట్టాలి. ప్రదర్శన ముంచుకొస్తోందని ఆ పని ఎగ్గొట్టినవారి స్కర్టు, మోడల్ నడుస్తుంటే ఒక పక్క దిగి మరో పక్క ఎగిసి కనిపిస్తుంది. దీన్ని ఏ దీపాలూ దాచలేవు.

బ్రిటిష్ డిజైనర్ అలెగ్జాండర్ మెక్వీన్ 1992లో లండన్‌లోని సెంట్రల్ సెయింట్ మార్టిన్స్ కళాశాలలో చూపించిన చదువు ముగింపు కలెక్షన్‌ను ఫ్యాషన్ పత్రికల స్టైలిస్ట్ ఇసబెల్లా బ్లో మొత్తంగా కొన్న సంగతి అందరూ చెప్పుకుంటారు. అతను పదహారేళ్ల వయసు నుంచే లండన్‌లో దర్జీ దుకాణాలకు పేరుపడ్డ సావిల్ రో వీధిలో కోట్లు కుట్టడం నేర్చుకున్నాడన్నది మాత్రం అంతగా చెప్పుకోరు. నా దృష్టిలో అతని పనితనానికి అసలు కారణం అదే.

జవాబు 2

రెండో ప్రశ్నకు సమాధానం దుకాణాల కొనుగోలు పద్ధతిలో ఉంది. వసంతం, వేసవి బట్టలను సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనూ, శరత్తు, శీతాకాలపు బట్టలను ఫిబ్రవరి, మార్చి నెలల్లోనూ చూపిస్తారు. దుకాణాల తరఫున కొనే బయ్యర్లు ఆర్డర్లు ఇచ్చాకే డిజైనర్ గుడ్డ తెప్పించి, శాంపిల్‌ను అన్ని సైజులకూ గ్రేడింగ్ చేయించి (కొలతలు పెంచి, తగ్గించి), కుట్టించి పంపాలి కనుక ఆ ఆరు నెలలూ ఇట్టే గడిచిపోతాయి. గుడ్డకూ కుట్టుకూ డబ్బు ముందే పెట్టాలి, దుకాణం నుంచి రావలసిన సొమ్ము సాధారణంగా సరుకు చేరాక గానీ రాదు. ఈలోగా తరువాతి సీజన్ శాంపిల్స్ ఖర్చు నెత్తిన పడుతుంది. అందుకే చప్పట్లు బాగా పడి, ఆర్డర్లు దండిగా వచ్చిన సీజన్‌లోనే కొత్త సంస్థ చితికిపోయే ప్రమాదం ఉంది. ఈ భారం తగ్గించడానికే బ్రిటిష్ ఫ్యాషన్ కౌన్సిల్ 1993లో న్యూజెన్ పథకాన్ని మొదలుపెట్టింది. 2000లో లండన్‌లో మొదలైన ఫ్యాషన్ ఈస్ట్ అనే సంస్థ కొత్తవారిని ఒకే వేదిక మీద ఉమ్మడిగా చూపిస్తుంది.

జవాబు 3

మొదటి జవాబుతో నేను పూర్తిగా ఏకీభవించను. ప్రదర్శన వేరు, బట్టలు వేరు అని గీత గీయడం అన్నివేళలా కుదరదు. బెల్జియన్ డిజైనర్ మార్టిన్ మార్జియేలా 1989లో పారిస్ శివారు పేటలోని పాడుబడిన ఆటస్థలంలో ప్రదర్శన పెట్టి, అక్కడి పిల్లలను కూడా రానిచ్చాడు. మెరుగు పెట్టకుండా వదిలేసిన అతని బట్టలకు ఆ చోటే సరైన నేపథ్యం. మెరిసే హాలులో వాటినే చూపించి ఉంటే సగం అర్థం పోయేది.

ప్రశ్న అడిగినవారు

చాలా విషయాలు తెలిశాయి, ధన్యవాదాలు. అయితే డబ్బు చాలనప్పుడు ఒక సీజన్ మానుకుంటే నష్టమా?

జవాబు 2

పారిస్ డిజైనర్ అజెదీన్ అలాయా ఫ్యాషన్ వీక్‌ల క్యాలెండర్‌ను లెక్కచేయక, బట్టలు సిద్ధమైనప్పుడే చూపించేవాడు, కానీ ఆయన కోసం ఆగే బయ్యర్లు ఉండేవారు. కొత్తవారు వరుసగా కనబడకపోతే ఆ సీజన్‌కు కేటాయించిన కొనుగోలు సొమ్ము మరొకరికి పోతుంది. ఫ్రెంచ్ విలాస వస్తువుల సంస్థ ఎల్‌వీఎంహెచ్ కొత్త డిజైనర్ల కోసం 2013లో ప్రకటించిన బహుమతికి దరఖాస్తు చేయాలన్నా కనీసం రెండు కలెక్షన్లు చేసి ఉండాలి. అయితే మానుకోవలసింది ర్యాంప్ ఖర్చును, కలెక్షన్‌ను కాదు. పది పన్నెండు జతలను చక్కగా ఫొటోలు తీయించి, షోరూమ్‌లో బయ్యర్ల చేతికే బట్టలు అందిస్తే, వారు లోపలి కుట్టు తిరగేసి చూసుకుని అక్కడే ఆర్డరు రాసుకుంటారు.