సోడియం కార్బొనేట్‌లో ఆమ్లం వేస్తే మొదట బుడగలు ఎందుకు రావు?

ప్రశ్న

కోనికల్ ఫ్లాస్కులో 10 మిల్లీలీటర్ల ఒక మోలార్ సోడియం కార్బొనేట్ ద్రావణం తీసుకొని, బ్యూరెట్ నుంచి అంతే గాఢత గల హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని బాగా కలుపుతూ చుక్కచుక్కగా వదిలాను. 10 మిల్లీలీటర్లు దాటేవరకు ఒక్క బుడగ కూడా కనిపించలేదు, ఆ తర్వాతే నురగ మొదలైంది. ముందు ఆమ్లాన్ని తీసుకొని అందులోకి కార్బొనేట్‌ను పోస్తే మాత్రం వెంటనే పొంగింది. పదార్థాలు అవే అయినప్పుడు, కలిపే వరుస మారితే ఫలితం ఎందుకు మారుతోంది?

మొదటి సమాధానం

పుస్తకాల్లో ఒకే సమీకరణంగా రాసేది నిజానికి రెండు మెట్లలో జరుగుతుంది. కార్బొనేట్ అయాన్ ముందు ఆమ్లం నుంచి ఒక ప్రోటాన్‌ను (హైడ్రోజన్ అయాన్‌ను) తీసుకొని బైకార్బొనేట్ అవుతుంది. అది మరో ప్రోటాన్‌ను తీసుకున్నాకే నీరు, కార్బన్ డయాక్సైడ్ ఏర్పడతాయి. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఈ రెండు మెట్ల పీకేఏ విలువలు (ఇవి ఎంత ఎక్కువైతే ప్రోటాన్‌పై పట్టు అంత బలమైనది) సుమారు 10.33, 6.35. అంటే బైకార్బొనేట్ కంటే కార్బొనేట్ దాదాపు పదివేల రెట్లు బలమైన క్షారం కాబట్టి, కార్బొనేట్ మిగిలి ఉన్నంతసేపూ పడిన ప్రోటాన్ దానికే దక్కుతుంది.

దీనికి మూలం అయాన్ నిర్మాణంలో ఉంది. కార్బన్ చుట్టూ మూడు ఆక్సిజన్లు ఒకే తలంలో 120 డిగ్రీల కోణాల్లో ఉంటాయి, రెండు ఋణావేశాలూ ఆ మూడింటి మీద సమంగా పరుచుకొని ఉంటాయి. మూడు బంధాల పొడవూ దాదాపు 1.29 ఆంగ్‌స్ట్రామ్‌లే, అంటే ఏక బంధానికీ ద్విబంధానికీ మధ్యస్థం. ఒక ఆక్సిజన్‌కు ప్రోటాన్ చేరగానే ఆ సౌష్ఠవం చెదిరి, ఒక్క ఋణావేశమే మిగులుతుంది కనుక రెండో ప్రోటాన్‌పై ఆకర్షణ బాగా తగ్గిపోతుంది.

ఆమ్లంలోకి కార్బొనేట్‌ను పోసినప్పుడు ప్రతి అయాన్ చుట్టూ ప్రోటాన్లు పుష్కలంగా ఉంటాయి, రెండు మెట్లూ వెంటవెంటనే పూర్తవుతాయి.

రెండో సమాధానం

పై వివరణ సరైనదే, కానీ ఒక విషయం వదిలేశారు. ఏర్పడిన వాయువంతా బుడగగా పైకి రాదు. ఒక వాతావరణ పీడనం, 25 డిగ్రీల వద్ద కార్బన్ డయాక్సైడ్ లీటరు నీటిలో సుమారు 0.033 మోల్ కరుగుతుంది. మీ ప్రయోగంలో 10 మిల్లీలీటర్ల ఆమ్లం పడ్డాక మరో 0.7 మిల్లీలీటరు వరకు పుట్టే వాయువు ద్రావణంలోనే ఇమిడిపోగలదు. అందుకే 0.1 మోలార్ ద్రావణాలతో చేస్తే, చివరిదాకా పోసినా బుడగలు అంతగా కనిపించవు. దాన్ని చూసి కార్బొనేటే లేదని తేల్చేసిన వారు నాకు తెలుసు, మొదట నేనూ ఆ పొరపాటే చేశాను.

అడిగినవారు

కలపకుండా వదిలినప్పుడు చుక్క పడినచోట సన్నని బుడగలు వచ్చి మాయమయ్యాయి. అది కూడా దీనివల్లేనా?

రెండో సమాధానమిచ్చినవారు

అవును. చుక్క పడినచోట క్షణకాలం ఆమ్లమే ఎక్కువ కనుక అక్కడ రెండో మెట్టు కూడా జరిగిపోతుంది. చుట్టూ ఉన్న కార్బొనేట్‌తో కలిశాక ఆ కార్బన్ డయాక్సైడ్ తిరిగి బైకార్బొనేట్‌గా మారుతుంది.

మూడో సమాధానం

ఈ రెండు మెట్లను కంటితో చూడాలంటే పీహెచ్‌ను బట్టి రంగు మారే సూచిక ఫినాఫ్తలీన్ వేసి మళ్లీ చేయండి. కార్బొనేట్ ద్రావణం గులాబీ రంగులో మొదలై, అంతా బైకార్బొనేట్ అయ్యే పీహెచ్ 8.3 దగ్గర రంగు మెల్లగా వెలిసిపోతుంది. ఒక్క చుక్కతో తెగినట్టు మారదు. అక్కడ మిథైల్ ఆరెంజ్ అనే మరో సూచిక వేసి కొనసాగిస్తే, ఇంచుమించు అంతే ఆమ్లం ఖర్చయ్యాక పసుపు ఎరుపుకు తిరుగుతుంది. రెండో అంత్య బిందువు (రంగు మారే ఈ రెండో చోటు) స్పష్టంగా రావాలంటే, దానికి కాస్త ముందు ఆగి ద్రావణాన్ని మరిగించి, చల్లార్చి, మిగతా ఆమ్లం వదలండి. అక్కడ రంగు మార్పును మసకబార్చేది పైన చెప్పిన ఆ కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడే.