అప్‌డేట్: ఫ్యాన్లు తిరిగినా డిస్‌ప్లే రాని డెస్క్‌టాప్, దారికొచ్చింది
మా డెస్క్‌టాప్ ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నా డిస్‌ప్లే రాక బీప్ బీప్‌మంటోందని, తేదీ కూడా వెనక్కి పోతోందని అడిగాను కదా. ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా) మార్చమన్నారు కొందరు, అవసరం పడలేదు. ప్లగ్ పీకి, పవర్ బటన్ 10 సెకన్లు నొక్కిపట్టి, ర్యామ్‌లు (మెమరీ పట్టీలు) రెండూ తీశాను. బంగారు రంగు కాంటాక్టుల మీద నల్లటి పొర! అమలాపురంలో కాలవగట్టు ఇల్లు, వానాకాలం చెమ్మ మరి. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఆ పొట్టు బ్రష్‌తో దులిపి, ముందు ఒక్క ర్యామే స్లాట్‌లో పెట్టి, క్లిప్ టక్కుమనేదాకా నొక్కితే డిస్‌ప్లే వచ్చేసింది. తర్వాత రెండోదీ పెట్టాను.

తేదీ గొడవ వేరే. మదర్‌బోర్డు మీద తేదీ, సెట్టింగులు నిలిపి ఉంచే సీఆర్2032 బిళ్ల సెల్ మల్టీమీటర్‌లో 2.4 వోల్టులే చూపించింది, కొత్తదైతే 3 ఉండాలి. అది మార్చాక పాత సెట్టింగులు పోయాయి, బయాస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) సాటా మోడ్, అంటే డిస్క్‌తో మాట్లాడే పద్ధతి, మళ్లీ మునుపటి ఏహెచ్‌సీఐకి తిప్పాల్సొచ్చింది. అప్పటిదాకా విండోస్ నీలం తెర దగ్గరే ఆగింది.