అప్‌డేట్: వ్యక్తిత్వ రకాల వర్క్‌షాపుకు వెళ్ళాను

విజయవాడలో స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త కార్ల్ యుంగ్ మనస్తత్వశాస్త్రాన్ని బృందంగా నేర్పే చోటు ఉందా, వెళితే డబ్బు దండగా అని అడిగాను కదా. మీలో ఒకరు చెప్పిన మొగల్రాజపురం బృందానికే వెళుతున్నాను. దండగైతే కాదు.

మొదటి పూటంతా ప్రశ్నపత్రమే. పదహారు వ్యక్తిత్వ రకాల్లో తమదేదో తేలగానే జాతకం చూపించుకున్నంత సంబరం అందరికీ. నిర్వాహకురాలు ఆ ఉత్సాహం మీద నీళ్ళు చల్లారు. అంతర్ముఖ, బహిర్ముఖ ధోరణుల సిద్ధాంతాన్ని యుంగ్ 1921లో ప్రచురించారనీ, దాన్ని ప్రశ్నపత్రంగా మలిచింది అమెరికాకు చెందిన కేథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసాబెల్ మైయర్స్ అనీ చెప్పారు. కొన్ని వారాలకు మళ్ళీ రాస్తే రకమే మారిపోయేవారు చాలామందట! ఉద్యోగాలిచ్చేటప్పుడు దీన్ని కొలబద్దగా వాడకూడదన్నారు. పెళ్ళిళ్ళ పేరయ్యలకు ఈ సంగతి ఇంకా తెలియకపోవడమే మంచిది.

అసలు సారమంతా 'నీడ' గురించి చెప్పిన పూటలో ఉంది. మనలో మనం ఒప్పుకోని గుణాలే ఆ నీడ; అవే ఎదుటివారిలో ఎక్కువగా కనిపిస్తాయని యుంగ్ వాదన. బాగా చిరాకు తెప్పించే చుట్టం గురించి రాసి, పేరు కొట్టేసి 'నేను' అని పెట్టి చదవమన్నారు. బ్యాంకులో రిటైరైన ఒక పెద్దాయన బావమరిది గురించి రాశారు: 'పైసా తీయడు, పెత్తనం వదలడు.' పైకి చదువుతూ సగంలో ఆగి, కళ్ళజోడు తీసి తుడవసాగారు. పక్కనే ఉన్న ఆయన భార్య, "మిగతాది నేను చదవనా?" అన్నారు.

కలల విశ్లేషణ మాత్రం నాకు ఎక్కలేదు. ఎవరికి తోచిన అర్థం వారు చెప్పారు. ఈ వర్క్‌షాపు చికిత్స కాదు. దిగులు, నిద్రలేమి ఉన్నవారు డాక్టరునే కలవండి.