కంపెనీ జపాన్‌కి పంపింది: ఇంట్లోవాళ్లని ఇప్పుడే రప్పించాలా, ఆరు నెలలు ఆగాలా?

అలిపిరి_మెట్టు:
అందరికీ నమస్కారం. శ్రీసిటీలో ఒక జపాన్ కంపెనీలో క్వాలిటీ విభాగం నాది. రెండేళ్ల అసైన్‌మెంట్ మీద నగోయా దగ్గరి ప్లాంటుకి పంపారు. వచ్చి నెల దాటింది. మా ఆవిడ, నాలుగేళ్ల పాప తిరుపతిలోనే ఉన్నారు.

ఇక్కడ దిగగానే ఏమనిపించిందో చెప్తాను. రెసిడెన్స్ కార్డు ఎయిర్‌పోర్టులోనే చేతిలో పెట్టారు. అబ్బ, ఎంత సులువు అనుకున్నా. ఆ సంతోషం వారం నిలవలేదు. 14 రోజుల్లోపు సిటీ ఆఫీసుకి వెళ్లి అడ్రస్ రాయించాలి. బ్యాంకు ఖాతాకి ఫోన్ నంబరు కావాలంటారు, ఫోన్ నంబరుకి బ్యాంకు ఖాతా కావాలంటారు. అద్దెకి తీసుకున్న ఫ్లాట్‌లో పైకప్పుకి లైట్లే లేవు. ఖాళీ చేసేవాళ్లు లైట్లు, కర్టెన్లు కూడా పట్టుకుపోతారట! మొదటి రాత్రి సెల్‌ఫోన్ వెలుగులోనే సామాను సర్దుకున్నా. చెత్త సంగతి ఇంకో తలనొప్పి. నీళ్ల సీసా పారేయాలంటే మూత వేరు, లేబుల్ వేరు, సీసా వేరు. ఏ రోజు ఏ చెత్తో ఒక పట్టిక, అదీ పొద్దున్నే పెట్టాలి. రోడ్డు మీద డస్ట్‌బిన్ అన్నది కనపడదు. రైల్లో ఎవరూ ఫోన్ మాట్లాడరు. ఆ నిశ్శబ్దానికి మొదట్లో నాకే ఏదోలా ఉండేది.

వాళ్లని ఇప్పుడే తీసుకొస్తే బెదిరిపోతారు. ఆరు నెలల్లో నేను కుదురుకుని, ఆ తర్వాత తేవడమే మేలని నా నిర్ణయం. మీరేమంటారు?

కొర్లగుంట_కుర్రోడు:
కొండ మీద గాజు సీసా వెనక్కిచ్చి డిపాజిట్ తీసుకునే ఊరోళ్లం. మూత తీయడానికి భయమేంటన్నా.

పలమనేరు_పెద్దాయన:
మంచి నిర్ణయం నాయనా. నన్నడిగితే ఆరు నెలలు కాదు, అసలు తీసుకెళ్లొద్దు. రెండేళ్లు ఎంతలో గడుస్తాయి? నేను కువైట్‌లో చాలా ఏళ్లు చేశాను. భార్యాబిడ్డలు ఊర్లోనే. ఇల్లు కట్టా, ఇద్దరాడపిల్లల పెళ్లిళ్లు చేశా. అక్కడ రెండు గదులకి అద్దె కట్టుకుంటూ కూర్చుంటే చేతికి ఏం మిగులుతుంది? నువ్వెళ్లింది సంపాదించుకోవడానికి.

రేణిగుంట_జంక్షన్:
ముందు ఒకటి చెప్పండి. మీ ఇంట్లో శాకాహారులా? అయితే మాత్రం రప్పించకండి. మా బావమరిది ఒసాకాలో ఉండొచ్చాడు. అక్కడ ప్రతిదాంట్లో చేప.

అలిపిరి_మెట్టు:
నేను గుడ్డు తింటాను. మా ఆవిడ ఏమీ ముట్టదు. కానీ క్యాంటీన్‌లో రోజూ ఇచ్చే మిసో సూపు సోయాతో చేసిందే కదా. అది తినొచ్చు.

రేణిగుంట_జంక్షన్:
ముద్ద సోయాదే. అది కలిపే నీళ్లు ఏమిటో అడిగారా? ఎండబెట్టిన చేపని గీరి మరిగించిన నీళ్లు. దాశి అంటారు. పైకి ఒక్క ముక్క కనపడదు.

అలిపిరి_మెట్టు:
మా క్యాంటీన్‌లో కూరగాయల సూపు అనే రాసి ఉంది.

రేణిగుంట_జంక్షన్:
కూరగాయలు కనపడతాయి కాబట్టి అలా రాశారు. అడగండి సార్.

పుత్తూరు_లెక్కలు:
సూపు పక్కన పెట్టి డబ్బు సంగతి చూడండి. జపాన్‌తో మన సామాజిక భద్రత ఒప్పందం 2016 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. ఇక్కడ పీఎఫ్ కడుతూ కవరేజ్ సర్టిఫికెట్ (ఇండియాలో పీఎఫ్ కడుతున్నట్టు కాగితం) తీసుకుని వెళ్తే అక్కడ పెన్షన్ కోత ఉండదు. హెచ్ఆర్‌ని అడగండి, వాళ్లంతట వాళ్లు చెప్పరు. ఇంకోటి, మొదటి ఏడు చేతికొచ్చే జీతం చూసి మురిసిపోవద్దు. జనవరి 1న మీరు అక్కడ నివాసం ఉంటే, అంతకుముందు ఏడాది ఆదాయం మీద స్థానిక పన్ను జూన్ నుంచి మొదలవుతుంది. కుటుంబం ఖర్చు లెక్క వేసేటప్పుడు దాన్నీ కలపండి.

కట్టమంచి_కోడలు:
తమ్ముడూ, మేము టోక్యోలో నిషి-కసాయిలో ఉండొచ్చాం, అది మనవాళ్లు చాలామంది ఉండే చోటు. మా ఆయన కూడా మీలాగే ‘కుదురుకున్నాక పిలుస్తా’ అన్నారు. ఆరు నెలలన్నది ఏడాది దాటింది. ఎందుకంటే ఆయన కుదురుకున్నది ఒంటరి మనిషిగా. చిన్న గది, బయట తిండి, సెలవురోజు నిద్ర. నేను వెళ్లేసరికి ఆయనకి అన్నీ పాతబడిపోయాయి. చెత్త తప్పు సంచిలో వేస్తే విసుగు, రైలు టికెట్ గేటు దగ్గర నేను ఆగితే విసుగు. ఆయన కూడా మొదట్లో అక్కడే నిలబడి దిక్కులు చూసి ఉంటారు కదా! అది నేను చూడలేదు, ఆయనకి గుర్తులేదు. ఇద్దరికీ ఒకేసారి ఏమీ తెలియకపోతే కలిసి నవ్వుకునేవాళ్లం. మీరు చెప్తున్న ఆ లైట్లు లేని రాత్రి పక్కన మీ ఆవిడ ఉంటే అదొక కథ అయ్యేది. ఆరు నెలల తర్వాత వస్తే ఆమె భయం ఆమె ఒక్కదానిదే.

డస్ట్‌బిన్‌లు లేనిది ఎందుకంటే, 1995లో టోక్యో మెట్రోలో విషవాయువు దాడి తర్వాత చాలా స్టేషన్లలో తీసేశారు. చెత్త సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకోవడమే.

పలమనేరు_పెద్దాయన:
అమ్మా, విసుక్కున్నాడని కాపురం గురించి పదిమందిలో రాసుకోవడం ఎందుకు? మా ఇంటామె ఒక్కనాడు నోరెత్తలేదు. పిల్లల్ని చదివించింది, మా అమ్మకి చేసింది, భూమి చూసుకుంది.

కట్టమంచి_కోడలు:
పెద్దాయనా, కువైట్‌లో కుటుంబాన్ని పిలవాలంటే జీతం ఇంత ఉండాలని హద్దు ఉంటుంది. చాలామందికి వీలుకాక తీసుకెళ్లలేదు. అది కష్టం, దాన్ని నేను తక్కువ చేయను. ఈ తమ్ముడికి వీలుంది. వీలులేక చేసిన పనిని వీలున్నవాళ్లకి నీతిగా చెప్పకండి. మీ ఆవిడ నోరెత్తలేదు సరే, మీరు ఏనాడైనా అడిగారా?

పలమనేరు_పెద్దాయన:
మా ఇంటి విషయం నీకెందుకు? మా కాలంలో అడగడాలు, చెప్పడాలు లేవు. పని జరిగేది.

కొర్లగుంట_కుర్రోడు:
పాప్‌కార్న్ తెచ్చుకుని వస్తా ఉండండి.

సత్యవేడు_షిఫ్ట్:
మీ అందరి కష్టం చూస్తుంటే ముచ్చటేస్తా ఉంది. లైట్లు లేవంట, చెత్త మూడు సంచులంట. నేనూ శ్రీసిటీలోనే, లైన్ మీద. కాంట్రాక్టు. కొత్తగా వచ్చిన పర్మనెంట్ పిల్లోళ్లకి పని నేర్పింది నేను. వాళ్లు జపాన్ పోయి రైలు ముందర ఫోటో పెడతారు. నేను బస్సు దిగి ఐడీ కార్డు చూపించి లోపలికి పోతా. ఇంట్లోవాళ్లని ఎప్పుడు రప్పించాలో అని టెన్షన్ పడే అదృష్టం కూడా అందరికీ రాదు.

అలిపిరి_మెట్టు:
అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ అది నా చేతిలో లేదు. ఈ బదిలీ వీసాకి పంపేముందు అదే కంపెనీలో కనీసం ఏడాది వరసగా పనిచేసి ఉండాలి. కాంట్రాక్టరు రోల్ మీద ఉన్నవాళ్లకి ఇది రాదు.

సత్యవేడు_షిఫ్ట్:
రూల్ నాకూ తెలుసు సార్. ఇన్నేళ్లు కంపెనీ రోల్ మీదికి ఎక్కించనిది ఎవరో దాన్ని అడగతా ఉండాను. మీరు వీసా పాఠం చెప్తా ఉండారు.

మోడరేటర్:
కాంట్రాక్టు ఉద్యోగాల గురించి వేరే చర్చ మొదలుపెట్టండి, తప్పకుండా ఉంచుతాం. ఇక్కడ కుటుంబాన్ని ఎప్పుడు పిలవాలన్నదే. ఒకరింటి విషయాలు ఒకరు తవ్వొద్దు.

కట్టమంచి_కోడలు:
సరే, ఆ విషయమే అడుగుతా. తమ్ముడూ, ఇంతసేపూ మీరేమనుకుంటున్నారో రాశారు. మీ ఆవిడ ఏమంటోంది?

అలిపిరి_మెట్టు:
ఆమె ఒక బళ్లో టీచరు. ఏడాది మధ్యలో మానేసి రమ్మని ఎలా అంటాను? ఆమె కోసమే ఆరు నెలలు అన్నది. వచ్చినా ఇక్కడ ఖాళీగా కూర్చోవాలి.

కట్టమంచి_కోడలు:
డిపెండెంట్ వీసా మీద కూడా ఇమిగ్రేషన్ ఆఫీసులో అనుమతి తీసుకుంటే వారానికి 28 గంటల వరకు పని చేసుకోవచ్చు. నేను చేశాను. గొప్ప ఉద్యోగం కాదు, కానీ ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేదు. ఇంతకీ ఆమె వస్తానందా, రానందా? ఒక్క ముక్కలో చెప్పండి.

రేణిగుంట_జంక్షన్:
వస్తే సూపు మాత్రం అడిగి తాగమనండి.

అలిపిరి_మెట్టు:
వస్తానంది. చాలా? వీసాకి ఏమేం కావాలో రోజూ అడుగుతోంది. కానీ మా అమ్మ ఒక్కతే తిరుపతిలోనే కొర్లగుంటలో ఉంటుంది. మోకాళ్ల నొప్పి, షుగరు. చెల్లెలు బెంగళూరులో. మా ఆవిడ వచ్చేస్తే అమ్మని ఎవరు చూస్తారు? మీరంతా వీసాలు, గంటలు చెప్తున్నారు. దీనికి ఎవరైనా జవాబు చెప్పండి.

పలమనేరు_పెద్దాయన:
అదీ అసలు మాట. మొదటే చెప్పి ఉంటే ఇంత రభస లేదు. కన్నతల్లిని వదిలి జపాన్‌లో కాపురం ఏమిటి? కోడలు ఇంట్లో ఉండాల్సిందే.

కట్టమంచి_కోడలు:
ఆరు నెలలకి మీ అమ్మగారి మోకాళ్లు బాగుపడతాయా? పడవు. అప్పుడు ఇంకో ఆరు నెలలంటారు. అమ్మని చూసుకోవాలన్నది తప్పని నేననడం లేదు. మా అత్తగారిని నేనూ చూశాను. కానీ ‘మా అమ్మ కోసం నువ్వు అక్కడే ఉండు’ అని అడగండి, ఉంటానంటుందో లేదో ఆమె చెప్తుంది. జపాన్‌లో లైట్లుండవు, బెదిరిపోతావు అని చెప్పి ఆపకండి. ఆమె బెదిరే మనిషైతే రోజూ వీసా గురించి ఎందుకు అడుగుతుంది?

అలిపిరి_మెట్టు:
అక్కా, మీరు అనుకున్నంత సులువు కాదు. అమ్మకి తెలిస్తే మా ఆవిడని నేనే రప్పించేసుకున్నానని అనుకుంటుంది.

సత్యవేడు_షిఫ్ట్:
మా అమ్మకీ మోకాళ్ల నొప్పులే. దగ్గరే ఉంటా కానీ రాత్రి షిఫ్టు అయితే చూసేది మా ఆడమనిషే. కొడుకు జపాన్‌లో ఉన్నా శ్రీసిటీలో ఉన్నా ఆ పని చేసేది ఎవరో అందరికీ తెలిసిందే కదా.

పుత్తూరు_లెక్కలు:
పగటిపూట మనిషిని పెట్టుకోవచ్చు. ఒక ఫ్లాట్ అద్దెలో చిన్న భాగం. చెల్లెలితో మాట్లాడి పంచుకోండి.

అలిపిరి_మెట్టు:
చెల్లెలిని అడగను. అది నా బాధ్యత.

కట్టమంచి_కోడలు:
మీ బాధ్యత అంటున్నారు, చేసేది మాత్రం మీ ఆవిడ.

కొర్లగుంట_కుర్రోడు:
అన్నా, మాదీ కొర్లగుంటే. మందులు కావాలంటే నాకు మెసేజ్ పెట్టు, తెచ్చిస్తా.

అలిపిరి_మెట్టు:
థాంక్స్ తమ్ముడూ. అక్కా, నా మాట నేను మార్చుకోవడం లేదు. కానీ ఒకటి చెప్పండి, వాళ్లకి కాగితాలు పెడితే ఎన్నాళ్లు పడుతుంది?

కట్టమంచి_కోడలు:
ముందు అక్కడి ఇమిగ్రేషన్ నుంచి అర్హత పత్రం (సర్టిఫికెట్ ఆఫ్ ఎలిజిబిలిటీ) రావాలి. మామూలుగా ఒకటి నుంచి మూడు నెలలు. దరఖాస్తుకి ఫీజు లేదు. మీరే పెట్టొచ్చు లేదా కంపెనీ చేత పెట్టించొచ్చు. పెళ్లి సర్టిఫికెట్, పాప బర్త్ సర్టిఫికెట్ జపనీస్ అనువాదంతో సహా జత చేయాలి. అది వచ్చాక మూడు నెలల్లోపు జపాన్‌లో అడుగు పెట్టాలి. వీసా స్టాంపింగ్ చెన్నై నుంచి. అంటే ఇవాళ పెట్టినా మీ ఆరు నెలల దగ్గరికే వస్తుంది.

పలమనేరు_పెద్దాయన:
కాగితం చేతికొచ్చాక ఆగేది ఎవరమ్మా?

కట్టమంచి_కోడలు:
అందుకే పెట్టమంటున్నా.